స్టెప్నీ కథ – ఎడారి బండ్ల బరువుల లెక్క

దారిలో లారీ టైరు పగిలినప్పుడు డ్రైవరు క్లీనరును కేకవేసి "స్టెప్నీ దించరా" అంటాడు. కారుగల గృహస్థుడు ప్రయాణానికి ముందు "స్టెప్నీలో గాలి ఉన్నదా?" అని విచారిస్తాడు. తెలుగుదేశంలో ఏ పల్లెకు పోయినా ఈ మాట తెలియనివారు అరుదు. ఇంగ్లీషు మాటే కదా అని ఒక ఇంగ్లండు డ్రైవరుతో అంటే మాత్రం అతడు తెల్లబోతాడు. వాళ్ళ దేశంలో ఈ మాట వాడుకలో లేదు. నిజానికి ఇది మొదట ఒక వీధి పేరు.

బ్రిటనులో వేల్స్ ప్రాంతమున లనెథ్లీ అనే ఊరు కలదు. ఆ ఊళ్ళో స్టెప్నీ వీధిలో డేవిస్ అనే ఇంటిపేరుగల ఇద్దరు సోదరులకు ఇనుప సామానుల అంగడి ఉండేది. ఆ రోజుల మోటారుకార్ల చక్రాలు ఇరుసుకు శాశ్వతంగా బిగించి ఉండేవి. ట్యూబుకు చిల్లి పడితే చక్రం ఊడదీసి మరొకటి తగిలించే వీలు లేదు. ఎండకాని వానకాని, దారిపక్కనే కూర్చుండి టైరును రిమ్ము నుండి పెకలించి, ట్యూబుకు అతుకువేసి, మరల ఎక్కించి, చేతిపంపుతో గాలి కొట్టవలసి వచ్చేది. మేకులు విరివిగా రాలే గుర్రపుబండ్ల దారులలో ఈ అవస్థ ఒకే రోజున రెండు మూడు పర్యాయములు కూడ కలిగేది. డేవిస్ సోదరులు 1904లో దీనికొక ఉపాయం కనిపెట్టినారు. ఆకులు లేని ఒట్టి రిమ్ము ఒకటి తీసుకొని, దానిపై గాలి నింపిన టైరును సిద్ధముగా ఉంచి, చిల్లిపడిన చక్రం పక్కన కొక్కెములతో బిగించుట. ఇల్లు చేరువరకు బండి ఆ పక్క చక్రం మీద నడుస్తుంది. ఈ "స్టెప్నీ చక్రము" కొద్ది సంవత్సరములలోనే అనేక దేశాలకు ఎగుమతి అయినది. తరువాత చక్రాన్నే ఊడదీయగల ఏర్పాటు వచ్చి, డేవిస్ సోదరుల వస్తువు మూలబడినది. వస్తువు పోయినా పేరు మిగిలినది. మనదేశంలోను, బంగ్లాదేశ్‌లోను, మాల్టా ద్వీపంలోను అదనపు చక్రాన్ని నేటికీ స్టెప్నీ అనే అంటారు. బ్రెజిలు దేశీయుల "ఎస్తేపీ" కూడ ఈ కుదురు నుండి పుట్టినదే.

అదనపు చక్రం తీసుకొనిపోవలెనని తేలిన వెంటనే మరొక ప్రశ్న పుట్టినది. దానిని ఎక్కడ పెట్టవలెను? రాచబాటల మీద తిరిగే కార్లకు ఇది పెద్ద చిక్కు కాదు. పక్క రెక్కలో ఒక గుంట చేసి అందులో నిలబెట్టినారు, లేదా వెనుక తగిలించినారు. దారే లేని చోట నడిచే బండ్లకు మాత్రం స్టెప్నీ ఎక్కడ, పెట్రోలు ఎక్కడ, నీళ్ళు ఎక్కడ అనే ప్రశ్న ప్రాణముతో ముడిపడినది. ఇది బాగుగా తెలియవచ్చినది ఈజిప్టు, లిబియా దేశముల మధ్యనున్న ఎడారిలో.

రాల్ఫ్ ఆల్గర్ బాగ్నోల్డ్ (1896–1990) బ్రిటిషు సైన్యంలో ఇంజనీరు అధికారి. 1926లో అతనిని ఈజిప్టుకు బదిలీ చేసినారు. సెలవులు దొరికినప్పుడెల్ల అతడును కొందరు మిత్రులును సొంత ఖర్చుతో ఫోర్డు కార్లలో ఎడారిలోనికి పోసాగినారు. మొదట 'టి' నమూనా కార్లు, 1929 నుండి 'ఎ' నమూనా కార్లు. అవి నాలుగు చక్రాలకు ఇంజను శక్తి అందే బండ్లు కావు; వెనుక రెండు చక్రాలు మాత్రమే తోసే మామూలు కార్లు. వాటితోనే అంతకు పూర్వం ఎవరూ బండి నడపని మహా ఇసుక సముద్రములోనికి ప్రవేశించినారు. గాలికి ఏర్పడిన ఇసుక తిన్నెలు అక్కడ బారులు బారులుగా వందల మైళ్ళ పొడవున సాగి ఉంటాయి. బావి లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. బండి చెడితే వచ్చి ఆదుకొనేవాడు లేడు. కావలసిన ప్రతి వస్తువు, చివరకు బోల్టుతో సహా, బండిలోనే ఉండవలె. మోయుచున్న ప్రతి పౌను బరువు చక్రాన్ని ఇసుకలో ఇంకొంచెం దించుతుంది. ఎక్కువ తీసుకుపోతే దిగబడుట, తక్కువ తీసుకుపోతే తిరిగి రాకపోవుట. అక్కడి ప్రయాణ శాస్త్రమంతా ఈ రెంటి నడుమ ఉన్నది.

బాగ్నోల్డ్ మొదట చేసినది తీసివేత. కార్లకు గల అందమైన, బరువైన పైభాగములను విప్పించి, సామాను నింపుటకు తేలికైన చెక్కపెట్టెలను అమర్చినాడు. తరువాత టైర్లలో గాలి తగ్గించినాడు. విద్యార్థులు ఇక్కడొక చిన్న లెక్క చేసి చూడవచ్చును. ఒక చక్రంపై 500 కిలోల బరువు ఉన్నదనుకొందాము. టైరులోని గాలి పీడనం చదరపు సెంటీమీటరుకు 2.5 కిలోలయితే, టైరు గట్టితనమును లెక్కలోనికి తీసుకొననప్పుడు, నేలను తాకే వైశాల్యము సుమారు 200 చదరపు సెంటీమీటర్లు. గాలిని సగానికి తగ్గిస్తే టైరు చదునై 400 చదరపు సెంటీమీటర్లు తాకుతుంది. ఇసుక మీద ఒత్తిడి సగమయినది. ఒంటె పాదము వెడల్పుగా ఉండుటలోని రహస్యమిదే. అయితే గాలి తగ్గిన టైరు ప్రక్కగోడలు తిరిగినప్పుడెల్ల మడతపడి వేడెక్కుతాయి, రాతినేలపై త్వరగా కోసుకుపోతాయి. అందుచేత ఇసుకలో గాలి తీయుట, రాతినేల రాగానే మరల కొట్టుట, ఇది నిత్యకృత్యమైనది. టైర్ల మీద ఇంత బాధ పెడితే స్టెప్నీ ఒక్కటి చాలదు. ట్యూబులు, అతుకులు, పంపు, జాకీ, జాకీ కింద పెట్టుటకు పలక కూడ కావలె. ఇసుకలో పలక లేని జాకీ బండిని లేపదు, తానే నేలలోకి దిగుతుంది.

దిగబడిన బండిని తీయుటకు ఉక్కు కాలువలు వాడినారు. మొదటి ప్రపంచ యుద్ధంలో నేలమాళిగలకు కప్పుగా వేయుటకు చేసిన ఉక్కు ముక్కలు కైరోలో ఒక పాతఇనుము అంగడిలో బాగ్నోల్డ్ కంటబడినవి. సుమారు ఐదడుగుల పొడవు, ఎడారిలో వాటంత ఉపయోగపడిన వస్తువు మరొకటి లేదు. చక్రాల ముందు ఇసుకను త్రవ్వి వాటిని పరిస్తే బండి పట్టు దొరికి పైకి వస్తుంది. సామానుల నన్నిటినీ దించిన తరువాతగాని అందని చోట వాటిని పెట్టుకొనుట తెలివితక్కువ. అందుకే అవి ఎప్పుడూ బయట, చేతికి అందేటట్లు ఉండేవి.

నీటి సంగతి మరింత విచిత్రం. మెత్తని ఇసుకలో ఇంజను శ్రమకు రేడియేటరులోని నీరు కాగి ఆవిరి అయిపోతుంది. ఆ నీరు నింపుటకే మనుషులు త్రాగవలసిన నీటిలో పెద్ద భాగం పోయేది. బాగ్నోల్డ్ రేడియేటరు పొంగుగొట్టమునకు ఒక రబ్బరు గొట్టం తగిలించి, దాని రెండవ కొనను బండి పక్క మెట్టుపైనున్న డబ్బాలోని నీటిలో ముంచినాడు. ఆవిరి అందులో చల్లబడి నీరవుతుంది. ఇంజను చల్లారినప్పుడు రేడియేటరులో ఆవిరి కుంచించుకొని శూన్యమేర్పడి, డబ్బాలోని నీటిని మరల లోపలికి లాగుకొంటుంది. ఒక చుక్క పోలేదు. పాఠశాలలో ఆవిరి కుంచించుకొని డబ్బా నలిగే ప్రయోగం చూసిన విద్యార్థి దీనిని వెంటనే గ్రహించగలడు. ఒక డబ్బా, ఒక గొట్టం కలిసి ఎన్నో గ్యాలన్ల నీటి బరువును బండిమీదనుండి దించివేసినవి.

సామాను వలన కలిగిన మరొక చిక్కు అంత సులభంగా తోచేది కాదు. ఎడారిలో దారి తెలియుటకు దిక్సూచి కావలెను. కాని బండి ఇనుము. అందులోని పనిముట్లు, డబ్బాలు ఇనుము. వీటి ప్రభావంతో అయస్కాంతపు ముల్లు పక్కకు తిరుగుతుంది. ఎంత తిరుగునో ఒకసారి కొలిచి సరిచేసుకొనవచ్చును గదా అంటే, సామాను సర్దుబాటు మారినప్పుడెల్ల ఆ తేడా కూడ మారుతుంది. కాబట్టి బాగ్నోల్డ్ సూర్యుని ఆశ్రయించినాడు. డిగ్రీలు గుర్తించిన ఒక గుండ్రని పలక మధ్య ఒక శంకువు. దాని నీడ ఏ గీతపై పడవలెనో వేళను బట్టి పట్టికలో చూసి, నీడ అక్కడ నిలుచునట్లు బండిని నడుపుటయే. మన పంచాంగకర్తలు ఎరిగిన శంకుచ్ఛాయయే ఇక్కడ మోటారుబండి ఎక్కినది.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోనికి దిగగానే ఈ సెలవుల విహారము సైనిక విద్య అయినది. సేనాపతి వేవెల్ అనుమతితో బాగ్నోల్డ్ ఎడారిలో దూరప్రయాణాలు చేసి శత్రువుల రాకపోకలు కనిపెట్టే ఒక దళమును కొద్ది వారాలలో సిద్ధం చేసినాడు. దానికి లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్ అని పేరు. మొదటి సైనికులు ఎక్కువమంది న్యూజీలండు వారు. బండ్లు 30 హండ్రడ్‌వెయిట్ల షెవ్రొలె లారీలు. కొన్ని అలెగ్జాండ్రియాలో ఒక వ్యాపారివద్ద కొన్నవి, కొన్ని ఈజిప్టు సైన్యమునుండి అడిగి తెచ్చుకొన్నవి. అధిక భారము ఓర్చుటకు వాటి స్ప్రింగులకు అదనపు పట్టీలు చేర్చినారు.

అట్టి లారీలో ఎంత పట్టునో ఉజ్జాయింపుగా లెక్కవేయవచ్చును. 30 హండ్రడ్‌వెయిట్లు అనగా 3,360 పౌన్లు. గ్యాలనుకు ఎనిమిది మైళ్ళు నడుస్తుందనుకొంటే, వెయ్యి మైళ్ళకు 125 గ్యాలన్ల పెట్రోలు కావలెను. గ్యాలను పెట్రోలు సుమారు 7.2 పౌన్లు తూగుతుంది గనుక ఇది 900 పౌన్లు. ఆ దళంలో మనిషికి రోజుకు ఆరు పింట్ల నీరు ఇచ్చేవారు, అనగా ముప్పాతిక గ్యాలను, ఏడున్నర పౌన్లు. లారీకి ముగ్గురు చొప్పున మూడు వారాలకు 472 పౌన్లు పైచిలుకు. ఈ రెండే 1,370 పౌన్లు దాటినవి. డబ్బాల తూకము, ఆహారము, మరతుపాకి, తూటాలు, పరుపులు, ఉక్కు కాలువలు, స్టెప్నీలు ఇంకను మిగిలియున్నవి. మెత్తని ఇసుకలో మైలేజి సగానికి పడిపోతే పెట్రోలు రెండింతలు కావలె. ఆ అదనపు పెట్రోలును మోయుటకు మళ్ళీ కొంత పెట్రోలు కాలుతుంది. ఈ వలయమును తప్పించుకొనుటకు ముందుగానే కొన్ని లారీలను పంపి ఎడారి నడుమ పెట్రోలు నిలువలు దాచి రావలసివచ్చేది.

సామాను పోతే ఏమగునో 1941 జనవరి 31వ తేదీన తెలిసినది. జెబెల్ షెరీఫ్ అనే రాతికొండ వద్ద ఇటలీ దళము ఆ దళపు లారీలపై విరుచుకుపడి కొన్నింటిని తగులబెట్టినది. నాయకుడు క్లేటన్ పట్టుబడినాడు. తప్పించుకొన్నవారిలో నలుగురు రాళ్ళ మాటున దాగినారు. న్యూజీలండు సైనికుడు మూర్ పాదమునకు గాయమైనది. వారికి మిగిలిన నీరు గుండు దెబ్బతిన్న ఒక డబ్బాలో రెండు గ్యాలన్లకు మించలేదు. ఆహారం దాదాపు శూన్యము. ఇటలీవారికి లొంగిపోవుటకు బదులుగా వారు దక్షిణముగా లారీల చక్రపు జాడల వెంట నడక ప్రారంభించినారు. పది రోజుల తరువాత స్నేహితదళాల వారికి చిక్కినప్పుడు మూర్ సుమారు 210 మైళ్ళు నడిచి, ఇంకను నడుస్తూనే ఉన్నాడు. ఒకడు మాత్రం దొరికిన తరువాత కొద్దిసేపటికే మరణించినాడు. పైన చెప్పిన లెక్క ప్రకారం నలుగురికి రోజుకు మూడు గ్యాలన్ల నీరు కావలెను. పది రోజులకు ముప్పది గ్యాలన్లు. ఉన్నవి రెండు.

పెట్రోలు తీసుకుపోయే డబ్బాలను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఆంగ్లేయులవి నాలుగు గ్యాలన్లు పట్టు పలుచని రేకు డబ్బాలు. కుదుపులకు అతుకులు విడి పెట్రోలు ఎంతో కారిపోయేది. జర్మనులు 1930ల చివర ఇరవై లీటర్లు పట్టు గట్టి డబ్బా ఒకటి తయారుచేసినారు. దానికి మూడు పిడులు; ఒక మనిషి చేతికి రెండు వంతున ఖాళీ డబ్బాలు మోయవచ్చును, నిండినదానిని ఇద్దరు పట్టవచ్చును. పక్కలకు అద్దిన అడ్డుగీత గుర్తు వేడికి వ్యాకోచించుటకు చోటిస్తుంది. 1939లో పాల్ ప్లీస్ అనే అమెరికను ఇంజనీరు ఒక జర్మను మిత్రునితో కలిసి బెర్లినునుండి మనదేశానికి కారులో బయలుదేరినప్పుడు, త్రాగునీటికి పాత్రలు లేకపోగా ఆ మిత్రుడు టెంపెల్‌హోఫ్ విమానాశ్రయంలోని నిలువనుండి ఇట్టి డబ్బాలు మూడింటిని తెచ్చినాడట. ఆ కారు కలకత్తాకు చేరినది, అక్కడినుండి తరువాత అమెరికాకు ఓడలో వెళ్ళినది. జర్మనుల రహస్యపు డబ్బా నమూనా ఈ విధముగా నీళ్ళతో నిండి మనదేశం మీదుగా పోయినది. చివరకు ఆంగ్లేయులు, అమెరికనులు కూడ ఆ అచ్చుననే డబ్బాలు చేసుకొని, జర్మనుల ముద్దుపేరు 'జెర్రీ'ని దానికి తగిలించి జెర్రీకాన్ అన్నారు.

ఇక జీపు. 1940లో అమెరికా సైన్యము 135 కంపెనీలకు జాబులు పంపి, నాలుగు చక్రాలకు శక్తి అందే తేలిక బండి కావలెను, 49 దినములలో నమూనా చూపవలెనని కోరినది. 600 పౌన్ల భారము మోయవలె, బండి తూకం మాత్రం 1,300 పౌన్లు దాటరాదని షరతు. ఎవరూ ఆ తూకంలో చేయలేకపోయినారు. తరువాత సైన్యమే షరతు సడలించినది. బాంటమ్ కంపెనీవారి తొలిబండి 1940 సెప్టెంబరు 23న వచ్చినది. విల్లీస్ కంపెనీ నమూనా 1941లో నిలద్రొక్కుకొన్నది. అంత పొట్టి బండిలో స్టెప్నీకి లోపల చోటు లేదు. అందుచేత దానిని వెనుక గోడకు బయట తగిలించినారు. జెర్రీకాన్‌కు కూడ వెనుకనే స్థానం దొరికినది. పనిముట్ల పెట్టెలను వెనుక చక్రాలపై గల డొల్లలలో, పెట్రోలు ట్యాంకును డ్రైవరు కూర్చుండే సీటు క్రింద దాచినారు. పెట్రోలు పోయవలెనంటే డ్రైవరు లేచి నిలబడక తప్పదు.

స్టెప్నీని ఎక్కడ పెట్టుట మంచిదో తులాదండ సూత్రము చెప్పగలదు. రెండు ఇరుసుల నడుమ దూరం 200 సెంటీమీటర్లు అనుకొందాము. వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెలుపల 30 కిలోల చక్రము, 20 కిలోల నిండు జెర్రీకాన్ వేలాడుతున్నవి. వెనుక ఇరుసే ఆధారము. 50ని 60తో హెచ్చించి 200తో భాగించగా 15. అనగా ముందు ఇరుసు పైనుండి 15 కిలోలు లేచిపోయి, వెనుక ఇరుసుపై 50 కాక 65 కిలోలు పడుతుంది. ఏటవాలు ఎక్కునపుడు ముందు చక్రాల పట్టు సడలుటకు ఇదొక కారణము. అదే స్టెప్నీని బండిలోపల, వెనుక ఇరుసుకు 40 సెంటీమీటర్లు ముందుగా నిలబెడితే దాని 30 కిలోలలో 6 ముందుకు, 24 వెనుకకు పంచబడుతుంది. ఎక్కడా లేచిపోవుట లేదు.

పైకప్పు మీద కట్టుట అన్నిటికంటె ఆకర్షణీయమైన పద్ధతి, చోటు కలిసివస్తుంది. దాని లెక్క కూడ చూడవలెను. 1,100 కిలోల బండికి గురుత్వకేంద్రము నేలనుండి 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నది, చక్రాల మధ్య వెడల్పు 125 సెంటీమీటర్లు అనుకొందాము. కదలక నిలిచిన బండి పక్కవాటుగా 46 డిగ్రీలదాకా ఒరిగినా పడదు. పైకప్పుపై 180 సెంటీమీటర్ల ఎత్తున 100 కిలోలు కడితే గురుత్వకేంద్రము 70 సెంటీమీటర్లకు లేచి, ఆ కోణము 42 డిగ్రీలకు దిగుతుంది. స్ప్రింగులు ఒకవైపుకు నొక్కుకొనుట, కుదుపులు లెక్కలోకి తెస్తే నిజమైన హద్దు ఇంకను చాల తక్కువ.

1948లో ఆమ్‌స్టర్‌డాం ప్రదర్శనలో వెలువడిన ఇంగ్లీషు ల్యాండ్‌రోవరులో స్టెప్నీకి రెండు చోట్లు కనబడతాయి. ఇంజను మూతమీద పరుండబెట్టవచ్చును, లేదా ముందు సీట్ల వెనుక, సామాను తొట్టిలో నిలబెట్టవచ్చును. మూతమీద పెడితే తొట్టి అంతా సామానుకు మిగులుతుంది. అయితే డ్రైవరు చూపునకు అడ్డు, ఇంజను చూడవలసినప్పుడెల్ల చక్రంతో కూడ మూత లేపవలె. లోపల పెడితే ఎండ తగలదు. సూర్యరశ్మికి, గాలిలోని ఓజోనుకు రబ్బరు బీటలువారుట తగ్గుతుంది. దొంగలభయము కూడ లేదు. కాని చోటు పోతుంది. పైన బస్తాలు పేర్చుకొన్నవాడు స్టెప్నీ కొరకు నడిరోడ్డుపై సంసారమంతా దించుకొనవలె. ఈ రెంటిలో ఏది మేలనుటకు ఒకే జవాబు లేదు. రాళ్ళదారిలో తరచు టైరు పోవువానికి బయట చక్రమే మేలు. ఇసుకలో బరువు సమముగా పరచదలచినవానికి లోపలిది మేలు.

లోపల పెట్టువారు మరువరాని సంగతి ఒకటున్నది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోవుచు బండి దేనికో గుద్దుకొని ఆగినదనుకొందాము. బండి ఆగుతుంది, కట్టివేయని స్టెప్నీ ఆగదు. జడత్వము వలన అదే వేగంతో ముందుకు వస్తుంది. 30 కిలోల చక్రానికి అప్పుడుండు గతిశక్తి సుమారు 1,850 జౌళ్ళు, 6.3 మీటర్ల ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడ మీదినుండి, ఆ చక్రం నెత్తిన పడుటతో సమానము. నీటిడబ్బా అయినను ఇంతే. అందుచేత బరువైనవి అడుగున, సీటు వెనుక గోడకు ఆనించి, మోకులతో నేలకు బిగించి కట్టవలెను. మోకు పైనుంచి ఒరుసుకొనిపోవుట చాలదు, నేలకు అదిమి పట్టవలె.

మనదేశంలో స్వాతంత్ర్యము వచ్చిన కొద్దికాలమునకే మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను బొంబాయిలో కూర్పసాగినది. 1952లో సమాజాభివృద్ధి పథకము ప్రారంభమైన తరువాత బ్లాకు అధికారి జీపు తెలుగు పల్లెలకు పరిచయమైనది. దాని వెనుకగాని పక్కనగాని వేలాడు చక్రమును చూపి పిల్లలు అయిదో చక్రం అనేవారు, డ్రైవరు స్టెప్నీ అనేవాడు. ట్యూబులేని టైర్లు వచ్చిన తరువాత చిన్న చిల్లులకు చక్రం విప్పకుండానే మరమ్మతు సాధ్యమైనది. 2020లో మన కేంద్ర మోటారు వాహనముల నిబంధనలను సవరించి, గాలి పీడనమును తెలుపు సాధనము, మరమ్మతు సామగ్రి ఉన్న కొన్ని చిన్న వాహనములకు స్టెప్నీ అక్కరలేదని మినహాయింపు ఇచ్చినారు.

బాగ్నోల్డ్ మాత్రం బండ్లతో ఆగలేదు. ఇసుక రేణువు గాలికి ఎట్లు ఎగురును, తిన్నె ఎట్లు కదలును అను విషయముపై ప్రయోగములు చేసి 1941లో గ్రంథము ప్రకటించినాడు. 1944లో రాయల్ సొసైటీ సభ్యుడైనాడు. అంగారకగ్రహముపై గేల్ బిలములోని నల్లని ఇసుక తిన్నెలకు అతని పేరే పెట్టినారు. 2015 చివర క్యూరియాసిటీ అనే యంత్రశకటము ఆ తిన్నెల దరికి చేరి ఇసుకను పరీక్షించినది. దానికి ఆరు అల్యూమినియం చక్రాలు ఉన్నవి, స్టెప్నీ లేదు. 2013లోనే ఆ చక్రాలకు చిల్లులు పడుట చిత్రములలో చూచి, ఇంజనీర్లు మొనదేలిన రాళ్ళు తక్కువగా ఉన్న దారులను ఎంచి దానిని నడపసాగినారు.